నాన్నగారి ఫియట్టు

2022 సంవత్సరమున తెనాలిలోని మా పుట్టినింటిని అమ్మవలెనని నిశ్చయమైనప్పుడు మా తమ్ముడు ఇంటి సామానులకు ఒక పట్టీ వ్రాసెను. ఇత్తడి గంగాళములు, పందిరిమంచము, నాన్నగారి మందుల బీరువా, రుబ్బురోలు, అన్నియు వరుసగా నున్నవి. కట్టకడపట ‘పశువుల కొట్టములోని ఇనుము’ అని యున్నది. ఆ యినుము మా తండ్రిగారి ఫియట్టు కారు.

పాత ఇనుము కొనువాడు వచ్చి చూచి 18,000 రూపాయలు ఇచ్చెదననెను. మా తమ్ముని తప్పుపట్టుటకు లేదు. 26 ఏండ్లుగా కదలని బండిని ఎవరు మాత్రము ఏమి చేసికొందురు? మేమును సరేయనియే యుంటిమి. ఆ రాత్రి మా అక్కయ్య ఫోనులో, “దాన్ని తూకానికి వెయ్యనివ్వకే. నేను తీసుకుంటానని తమ్ముడితో చెప్పు,” అనెను. మాకు మిక్కిలి ఆశ్చర్యమైనది. ఆ కారు పేరెత్తినచో మా యింట మొదట ముఖము త్రిప్పుకొనవలసినది ఆమెయే యని మేము నలుబది యేండ్లకు పైగా నమ్మియుంటిమి.

అది 1968వ సంవత్సరపు బండి. ఆ దినములలో మన దేశమున కార్లు మూడే రకములు: అంబాసిడరు, ఫియట్టు, స్టాండర్డు. డబ్బు చేత నున్నను పేరు నమోదు చేసికొని యేండ్ల తరబడి వేచియుండవలెను. బొంబాయిలోని ప్రీమియర్ వారు ఇటలీదేశపు ఫియట్ కంపెనీ అనుమతితో దానిని తయారుచేసెడివారు. 1974 నుండి ఈ జాతి బండికే పద్మిని యని పేరు పెట్టిరి. మా బండి అంతకు ఆరేండ్ల పెద్దది గనుక దానికి ఆ ముద్దుపేరు దక్కలేదు. ఇంజను 1089 సీసీలది, నాలుగు సిలిండర్లు. గేరుకఱ్ఱ నేలపై గాక స్టీరింగు చక్రము క్రింద ప్రక్కగా నుండును. ముందు సీటు ఒకే బల్ల. నాన్నగారి ప్రక్కన మేమిద్దరము కూర్చుండినను ఇంక చోటు మిగిలెడిది.

నాన్నగారు వైద్యులు. అర్ధరాత్రి పల్లెలనుండి కబురు వచ్చిన, ఆ కారులోనే పోయి నొప్పులు పడుచున్న స్త్రీలను ఆసుపత్రికి చేర్చెడివారు. వెనుక సీటున ఎందఱు తల్లులు కూర్చుండిరో! అమ్మ ప్రతి దినమును ఆ సీటు గుడ్డలను ఉతుకుచు విసుగుకొనెడిది. 1974లో అక్కయ్యకు పదునెనిమిదేండ్లు నిండగనే ఆయన తెల్లవారుజామున కాలువగట్టుమీదికి తీసికొనిపోయి ఆమెకు కారు నడుపుట నేర్పిరి. మా వంతు తరువాత వచ్చునని చెప్పిరి.

ఆ వంతు రాకుండుటకు కారణము 1978లో వచ్చిన యొక సంబంధము. కట్నమును నిషేధించు చట్టము 1961లోనే వచ్చినది గాని, ఆ మాట పెండ్లిచూపులకు వచ్చిన పెద్దలెవరికిని చేరలేదు కాబోలు. అన్నియు కుదిరిన పిమ్మట, కారుకూడ పిల్లతో పంపవలెనని వారు కోరిరి. నాన్నగారు ఇయ్యననిరి. సంబంధము తప్పిపోయినది. అమ్మ మూడు నెలలు ఆయనతో మాటలాడలేదు. కూతురికంటె కారే ఎక్కువయ్యెనా యని బంధువులందఱు అనిరి. మేమును అంటిమి. అప్పుడు మాకు పందొమ్మిదేండ్లు. ఆయన వాకిట కారు అద్దము తుడుచుచుండగా పోయి ఎదుట నిలిచి, “అక్కయ్య కన్న ఇదే మీకు ముద్దు కదూ!” అంటిమి. ఆయన తుడుచుట ఆపలేదు. మారు పలుకలేదు. ఆ మరునాటి నుండి నేర్పెదనని పిలిచినను మేము ఆ స్టీరింగు ముట్టలేదు.

అక్కయ్యకు 1981లో మంచి చోటనే పెండ్లి జరిగినది. 1996లో నాన్నగారు పోయిరి. కారు కొట్టము చేరినది.

లారీ మీద దానిని బెజవాడ ఆటోనగరునకు తరలించితిమి. చక్రములు నేలకంటియుండెను. సీటులోని పీచునందు ఎలుకలు కాపురము పెట్టి తీగెలన్నియు కొఱికినవి. కాలు పెట్టు చోట నేల తుప్పుపట్టి జల్లెడయైనది. మేము మొదట ఒప్పగించిన పనివాడు తక్కువ ఖర్చుతో రెండు వారములలో మెఱిపించెదననెను. మెఱిపించెను కూడ. కాని తుప్పును కోసివేయక, పైన లప్పము నింపి రంగు వేసినాడు. మొదటి వానలకే ఆ రంగు అప్పడమువలె పొంగెను. 42,000 రూపాయలు నీళ్లపాలు! మాసిన గోడకు సున్నము కొట్టించిన యిల్లాలికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. లోని చెమ్మ పోనిదే పైపూత నిలువదు.

రెండవసారి దొరకిన మేస్త్రీ డెబ్బది దాటినవాడు, మాట తక్కువ. అతడు రంగు మాటయే యెత్తలేదు. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రములలో ఇంజనాయిలును డీజిలును కలిపి పోసి, “పది రోజులు దీన్ని ముట్టుకోకండమ్మా,” అనెను. పిస్టనులు తుప్పుతో సిలిండర్లకు కఱచుకొనిపోయినవట. బలవంతముగా త్రిప్పిన విఱుగునట. పదునొకండవ నాడు పెద్ద పానాతో మెల్లగా అటు నిటు ఆడింపగా కిఱ్ఱుమని కదలినది. అక్కయ్య చేతులు జోడించినది.

పిమ్మట అతడొక విషయము చెప్పెను. పూర్వపు పెట్రోలులో సీసము కలిపెడివారు. అది గాలికిని పిల్లల మెదళ్లకును విషము గనుక మన దేశమున 2000వ సంవత్సరమునకు మానివేసిరి. కాని ఆ సీసమే పాత ఇంజనులలో పొగ పోవు వాల్వుల క్రింది పీటలు అరుగకుండ కాపాడెడిదట. అందుచేత గట్టి లోహపు పీటలను క్రొత్తగా అమర్చవలసి వచ్చినది. 2022 నాటికి పెట్రోలులో నూటికి పదిపాళ్లు ఇథనాలు చేరినది. పిదప ఇరువదికి పెంచిరి. అది పాత రబ్బరును తినివేయును, నీటిని పీల్చును. కావున పెట్రోలు గొట్టములన్నియు మార్చవలెను. బ్రేకులలోని రబ్బరు కప్పులు ఎండిన రేగుపండ్లవలె నుండెను. వానిని మార్చనిదే బండిని గుమ్మము దాటింపనని అతడు పంతము పట్టినాడు. మాకు అతనిపై నమ్మకము కుదిరినది అప్పుడే.

బంధువులలో నొకరు, ఈ ముసలి యింజను తీసి క్రొత్త కారుది పెట్టించుకొనుడని హితము చెప్పిరి. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధన ననుసరించి, ఏబదియేండ్లు దాటి మూలరూపము చెడని సొంతవాడుక బండ్లకు వింటేజి క్రింద ప్రత్యేకపు రిజిస్ట్రేషను కలదు. రుసుము 20,000 రూపాయలు. ఇంజనుగాని చట్రముగాని మార్చిన ఆ గౌరవము దక్కదు. దక్కినను నిత్యము బజారునకు పోవ వీలులేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కవలెను. “మనలాగే, ఆసుపత్రికీ పేరంటానికీ తప్ప గడప దాటదన్నమాట,” అని అక్కయ్య నవ్వెను.

రేడియేటరు పై తొట్టి ఇత్తడిది. అక్కయ్య ఇంటినుండి చింతపండును ఉప్పును తెచ్చి, మేస్త్రీ వలదన్నను వినక, కూర్చుండి తోమనారంభించెను. మేము తలుపు రబ్బరును ఊడదీయుచుండగా దాని క్రింద ఎండ తగులని మొదటి రంగు, లేత పచ్చనిది, కంటబడినది. మేస్త్రీ చూచి, “ఇంత ప్రేమగా పెట్టుకున్న బండిని పెద్దాయన ఎవరికీ ఇవ్వలేదా అమ్మా?” అని యథాలాపముగా అడిగెను.

అక్కయ్య తోముట ఆపకయే, “ఇవ్వొద్దని నేనే చెప్పాను,” అనెను.

మాకు అర్థము కాలేదు. ఆమె మా వంక చూడకుండ చెప్పినది. ఆ పెండ్లికొడుకు ఒంటరిగా మాటలాడిన అయిదు నిమిషములలో ఆమె చదువును గుఱించి వేళాకోళము చేసినాడట. వాడు వలదని అమ్మతో చెప్ప ధైర్యము లేక, రాత్రి నాన్నగారి గదికి పోయి, కారు ఇయ్యనని చెప్పుమని యేడ్చినదట. నాన్నగారు, “సరే. ఈ మాట నీ నోట రానవసరం లేదు,” అనిరట. అంతే. ఆ నింద ఆయన తనపై వేసికొని పదునెనిమిదేండ్లు మోసిరి. అమ్మకు చెప్పవలెనని తాను ఎన్నిసార్లో అనుకొనెనట. నేడు రేపు అనుచుండగనే అమ్మయు పోయినది.

మేమేమియు అనలేకపోతిమి. వాకిట అద్దము తుడుచుచున్న ఆ చేయి కన్నులయెదుట నిలిచినది. అక్కయ్యపై కోపము రాలేదనిన అబద్ధము. వచ్చినది, రెండు దినములు ఆటోనగరునకు పోలేదు. మూడవనాడు పోయి, మిగిలిన రబ్బరును ఊడదీసితిమి.

మొత్తము 2,86,000 రూపాయలైనది. మొదటివాడు తినిన సొమ్ము ఇందు చేరలేదు. మా తమ్ముడు లెక్క విని తల పట్టుకొనెను గాని, లేతపచ్చ రంగు వేసినది తన ఖర్చుమీదనే. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషను చేతికి వచ్చిన వారమునకు అక్కయ్య కారు నడుపుకొని ప్రకాశం బ్యారేజి దాటి, దుగ్గిరాల మీదుగా తెనాలి చేర్చెను. దారిపొడుగున ముసలివారు నిలిచి చూచిరి. దుగ్గిరాలలో ఒకావిడ, “డాక్టరుగారి బండిలా ఉందే!” అనెను. ఏ డాక్టరుగారో మేము అడుగలేదు.

అక్కయ్యగారి నిమ్మతోటలో ఒక బండిబాట కలదు. అచ్చట కారు ఆపి, బల్లసీటుమీద ఆమె ప్రక్కకు జరిగినది. “రా, నీ వంతు,” అనెను. అరువదియైదేండ్ల వయసున చీరకుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని స్టీరింగు ముందు కూర్చుంటిమి. క్లచ్చు తొక్కి గేరుకఱ్ఱను తనవైపునకు లాగి పైకెత్తుమని ఆమె నాన్నగారి మాటలలోనే చెప్పెను. మూడుసార్లు ఇంజను ఆగిపోయినది. నాలుగవమారు కదలినది.