తెల్లరంగు అయిపోయాక

డిసెంబరు సగం దాటితే చాలు, తెనాలి బోసు రోడ్డు మీద గ్రీటింగు కార్డుల దుకాణాలు వెలిసేవి. దుకాణాలంటే గదులు కావు. రోడ్డు వారన ఒక మడతమంచం, దానిమీద దుప్పటి, వెనకాల కట్టిన పురికొసకి క్లిప్పులతో వేలాడదీసిన కార్డులు. చిరంజీవి, శ్రీదేవి నవ్వుతూ నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పేది ఒక వరస. వెంకటేశ్వరస్వామి, వినాయకుడు ఇంకో వరస. గులాబీలు, హంసలు, చెంపకి చెయ్యి ఆనించుకున్న పసిపిల్లలు మరో వరస. అన్నిటికన్నా ఖరీదైనవి సెల్లోఫేను తొడుక్కుని అందరికీ పైన ఉండేవి. వాటి మీద ఎప్పుడూ దాదాపు ఒకటే బొమ్మ. మంచులో ములిగిన ఇల్లు, పొగగొట్టం, కొసదేరిన చెట్లు, కిటికీలో పసుపు వెలుతురు.

1980ల మాట ఇది. ఇంట్లో పిల్లలం ముగ్గురం. అన్నయ్య, అక్క, నేను. మా స్నేహితులు, అమ్మ వైపు వాళ్ళు, నాన్న వైపు వాళ్ళు అంతా కలిస్తే జాబితా పొడుగ్గానే వచ్చేది. నాన్న దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, “ఇంతమందికీ కొంటే పండక్కి బట్టలుండవు. ఏది కావాలో మీరే తేల్చుకోండి” అనేవారు. తేల్చుకోవడానికి మాకు ఎంతోసేపు పట్టేది కాదు. కార్డులు మనమే వేసుకుందాం.

సామాను తక్కువే. క్యామెల్ రంగు బిళ్లల పెట్టె, పన్నెండు రంగులది. ఆ ఒంటెబొమ్మ కంపెనీని 1931లో దండేకర్ సోదరులు బొంబాయిలో సిరాపొడి అమ్ముతూ మొదలుపెట్టారని పెద్దయ్యాక ఎక్కడో చదివాను. అప్పట్లో మాకు తెలిసిందల్లా ఆ బిళ్లలు ఎంత గట్టివో. నీళ్ళు చిలకరించి కాసేపు నాననివ్వకపోతే కుంచెకి రంగు అంటేదే కాదు. తొందరపడి రుద్దితే కుంచె వెంట్రుకలు ఊడి, ఆరిన ఆకాశంలో అడ్డంగా అతుక్కుపోయేవి. డ్రాయింగు షీటుని ఎనిమిది ముక్కలు చేస్తే మడత కార్డులకి కొలత సరిపోయేది. షీట్లు చాలకపోతే శుభలేఖలున్నాయి. ఆ ఏడు వచ్చిన పెళ్ళి కార్డుల్లో ఖాళీగా ఉన్న దళసరి అట్టలన్నీ అమ్మ పరుపు కింద దాచి ఉంచేది. వాటికి నునుపెక్కువ. రంగు నిలవకుండా జారిపోయేది. కుంచెని ముందు సబ్బుబిళ్ల మీద ఒకసారి రుద్ది తరవాత రంగులో ముంచితే పట్టుకుంటుందని అన్నయ్య కనిపెట్టాడు. కవర్లు పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలతో. జిగురు అన్నం మెతుకులు, లేదా ఉడికించిన మైదాపిండి.

మొదట్లో మేమూ మంచే వేశాం. పై వరసలో వేలాడే కార్డు అదే కాబట్టి గొప్ప కార్డంటే మంచుదే అని మా లెక్క. జనవరిలో సైతం మధ్యాహ్నం ఫ్యాను కావలసిన ఊళ్ళో కూర్చుని, కప్పుల మీదా కొమ్మల మీదా గడ్డకట్టిన మంచు పేర్చాం. దాంతో పెట్టెలో అన్నిటికన్నా ముందు తెల్లబిళ్ల అరిగి, కింద రేకు కనపడింది. పైగా ఆ తెలుపు మాయదారిది. తడిగా ఉన్నప్పుడు పాలనురగలా కనిపించి, ఆరాక కిందున్న నీలాన్నంతా బయటపెట్టేసేది.

స్కూల్లో డ్రాయింగు మాస్టారు అది చూసి, “నీళ్ళరంగుల్లో తెలుపు వెయ్యకూడదురా, వదిలెయ్యాలి” అన్నారు. కాగితమే తెలుపు. మంచు కావలసినచోట రంగు తాకనివ్వకుండా చుట్టూ వేసుకురావాలి. మాట అర్థమైంది గానీ చేతులు వినలేదు. ఖాళీ కనపడితే నింపెయ్యడమే మాకు తెలిసిన బొమ్మ. మంచు వదిలేద్దామనుకున్న చోటికి పక్కనున్న నీలం పాకి వచ్చి కూర్చునేది.

అలా మా కార్డుల్లోంచి మంచు కరిగిపోయింది. దాని చోట్లోకి తాటిచెట్లు వచ్చాయి.

తాటిచెట్టు వెయ్యడానికి తెలుపు అక్కర్లేదు, నలుపు చాలు. కాగితాన్ని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, కింద పసుపు, పైన ఎరుపు పూసి, అట్టని కొంచెం వాలుగా పట్టుకుంటే రెండూ మధ్యలో కలిసి నారింజరంగు దానంతట అదే పుడుతుంది. ఆరేదాకా ఓపిక పడితే సాయంకాలం సిద్ధం. దానిమీద నల్లగా ఒక నిలువుగీత, తలమీద గుండ్రంగా విసనకర్రలాంటి ఆకులు. గట్టు, గట్టు పక్కన కాలవ, కాలవలో ఒక పడవ. చెయ్యి వణికినా నలుపులో కలిసిపోతుంది. కిటికీలోంచి చూస్తే కనపడేవే ఆ చెట్లు. అంతవరకూ మాకెవరికీ అవి కార్డు మీదికెక్కే వస్తువులని తోచలేదు.

తెలుపు లేకుండా తెలుపు తెప్పించే దారులు ఒకటొకటే దొరికాయి. మొదటిది కొవ్వొత్తి. కరెంటు పోయే ఊరు కాబట్టి ఇంట్లో దానికి లోటు లేదు. కొవ్వొత్తి మొనతో కాగితం మీద ముగ్గు గీస్తే ఏమీ కనపడదు. పైన పల్చగా రంగు పూస్తే మైనం ఉన్నచోట నీళ్ళు నిలవక, చుక్కలూ మెలికలూ తెల్లగా పైకి తేలతాయి. ఆ పూసే రంగు ఏదై ఉండాలో అక్క చెప్పింది. పెట్టెలో ఎవరికీ పట్టక కొత్తదిలాగే మిగిలిపోయిన గోధుమరంగు బిళ్ల ఉంది. దాంట్లో కొంచెం ఎరుపు కలిపితే అచ్చం అలికిన వాకిలే. ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ, దానిమీద గుమ్మడిపువ్వు. పువ్వుకి పసుపు ఎలాగూ ఉంది. సంక్రాంతి కార్డు అలా కుదిరింది. క్రిస్మసుకి పక్కింటి టీచరుగారికి ఇచ్చే కార్డు మీద తోకచుక్కా ఆ కొవ్వొత్తిదే, వెనక చీకటి మాత్రం నీలం.

రెండోది పళ్ళు తోముకునే బ్రష్షు. కాగితం మీద కరివేపాకు రెమ్మ పరిచి, అరిగిపోయిన బ్రష్షుని రంగులో ముంచి, దువ్వెన మీద గీకితే సన్నటి తుంపర రాలుతుంది. రెమ్మ తీసేస్తే దాని ఆకారం తెల్లగా మిగులుతుంది. మేం వదలలేకపోయిన తెలుపుని కరివేపాకు మా తరఫున వదిలేది. ఆ రోజుల్లో మా ముగ్గురి చొక్కాల మీదా, వరండా గోడ మీదా ఆ తుంపరే. బెండకాయ కోసి అద్దిన పువ్వులు, సిరాలో ముంచిన దారాన్ని మడతకాగితం మధ్య పెట్టి లాగితే వచ్చే వింత పూలు, ఇవన్నీ తరవాత చేరాయి.

మనుషుల బొమ్మలు మాత్రం మా వశం కాలేదు. బాపు బొమ్మలో ఉన్నవి నాలుగే గీతలు కదా అని మొదలుపెడితే, ఆ నాలుగూ ఎక్కడ ఆగాలో తెలిసేది కాదు. ‘చందమామ’ పెట్టిన చక్రపాణిగారిది మా తెనాలే అన్న గర్వం కొద్దీ, ఆ పత్రికకి వపా వేసిన ముఖచిత్రాల మీద ట్రేసింగు కాగితం పరిచి రాకుమార్తెలని దించడానికీ చూశాం. మెడదాకా బాగానే వచ్చేది.

వేయడం ఒక ఎత్తు, పంచడం ఒక ఎత్తు. అన్నిటికన్నా బాగా కుదిరినవి తిరిగి ఉత్తరం రాసే పిన్నికి, అత్తయ్యకి. రంగు అలుక్కుపోయినవి, చూసీచూడనట్టు పక్కన పెట్టేసే బాబాయిలకి. కవరు మూత అంటించకుండా లోపలికి దోపి, పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే తక్కువ స్టాంపుతో వెళ్ళేవి. శుభాకాంక్షలు ఏ పండక్కో రాయడం అన్నిటికన్నా ఆఖరున. జనవరి ఒకటిలోగా ఆరితే నూతన సంవత్సరం. ఆలస్యమైతే సంక్రాంతి. అప్పటికీ మిగిలితే ఉగాది ఉండనే ఉంది, అదీ కొత్త సంవత్సరమే.

కార్డుల చరిత్ర తరవాతెప్పుడో చదివితే ఒక సంగతి తెలిసి నవ్వొచ్చింది. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయన హార్స్లీ అనే చిత్రకారుడితో వేయించినదాన్ని తొలి క్రిస్మస్ కార్డుగా చెబుతారు. వెయ్యి కార్డులు అచ్చువేసి, వాటికి చేత్తోనే రంగులద్దించారు. బొమ్మలో ఉన్నది బల్ల చుట్టూ కూర్చుని విందు చేసుకుంటున్న కుటుంబం, పక్కల పేదలకి అన్నం, బట్టలు ఇస్తున్న మనుషులు. మంచు ఎక్కడా లేదు. గొప్ప కార్డంటే మంచుదే అని మేం నమ్మినదానికి తొలి కార్డే సాక్ష్యం చెప్పదు.

ఇంకొకటి 1949 నాటిది. యుద్ధంలో చితికిన చెకోస్లొవేకియాలో యిట్కా సామ్కోవా అనే ఏడేళ్ళ పిల్ల, తమ ఊరికి అందిన సాయానికి కృతజ్ఞతగా యూనిసెఫ్‌కి ఒక బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజుపలక మీద వేసింది. యూనిసెఫ్ మొదటి గ్రీటింగు కార్డు ఆ బొమ్మే. కాగితం లేదని ఆ పిల్ల బొమ్మ మానలేదు. తెలుపు లేదని మేమూ మానలేదు, కాకపోతే మా బొమ్మే మారిపోయింది. పెట్టె నిండా తెలుపు ఉండుంటే పదో తరగతిదాకా పొగగొట్టాలే వేసేవాళ్ళం. మా వాకిలి రంగు పెట్టెలోనే ఉందని కనిపెట్టేవాళ్ళం కాదు.

అందుకే పిల్లలకి ఏ రంగులు కొనమంటారని ఎవరైనా అడిగితే, ముప్పైఆరు రంగుల పెట్టె జోలికి పోవద్దంటాను. ఎరుపు, పసుపు, నీలం కొనండి. ఒక మంచి కుంచె, ఒక కొవ్వొత్తి ఇవ్వండి. తెలుపేదీ అని అడుగుతారు. ఈ పండగ వెళ్ళాక చూద్దామనండి.