మామిడి కొయ్యముక్క

పట్టు కాలితే జుట్టు కాలిన కంపు కొడుతుంది. ఆ కంపు ఖాకీ చొక్కాకు పట్టుకుంటే రెండు ఉతుకులకైనా వదలదు. నేను పలమనేరు ఫైర్ స్టేషన్‌లో కొత్తగా చేరిన రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో ఎటు చూసినా మల్బరీ తోటలే. మా ఊళ్ళో చలి ఎక్కువ కదా, పట్టుపురుగులకు వెచ్చదనం తగ్గకూడదని రాత్రుళ్ళు షెడ్లలో బొగ్గుల కుంపట్లు పెట్టేవాళ్ళు. లోపల ఎండిన ఆకు, పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు. పైన రేకుల మీద చల్లదనానికి పరిచిన బోద. ఒక్క రవ్వ ఎగిరితే చాలు.

ఆ షెడ్ల తలుపులకు ఓ ప్రత్యేకత ఉంది. ఊజీ ఈగ లోపలికి దూరి పురుగు మీద గుడ్డు పెట్టిందంటే పంట పోయినట్టే. అందుకే కిటికీలకు వల కొట్టి, తలుపుకు స్ప్రింగు పెడతారు. మనిషి లోపలికెళ్ళగానే వెనక తలుపు దానంతటదే మూసుకోవాలి. రైతుకు అది రక్షణ. హోస్ పట్టుకుని లోపలికెళ్ళే మాకు అది గండం.

ఎందుకో చెప్తాను. హోస్‌ను లోపలికి లాక్కెళ్ళేటప్పుడు అందులో నీళ్ళుండవు, పట్టీలాగా చదునుగా ఉంటుంది. మూసుకున్న తలుపు కిందికి అది సులువుగా జారిపోతుంది. బయట పంపు ఆన్ చేయగానే నీళ్ళొచ్చి హోస్ ఉబ్బుతుంది. తలుపు కింద బిగుసుకుంటుంది. ఇక నీళ్ళు లోపలికి రావు, తలుపు తెరుచుకోదు. లోపలున్న మనిషికి అటు నీళ్ళూ లేవు, ఇటు దారీ లేదు.

ఏ పల్లెలోనో ఇప్పుడు గుర్తు లేదు. గంగవరం వైపని మాత్రం అనుకుంటున్నాను. అక్కడే ఈ సంగతి నాకు మొదటిసారి అర్థమైంది. మంట చంద్రికలకు అంటుకుని చిటపటలాడుతోంది. రైతు భార్య వాకిట్లో నిలబడి కేకలు పెడుతోంది. మా లీడింగ్ ఫైర్‌మన్, అందరం పెద్దన్నా అని పిలిచేవాళ్ళం, గుమ్మం దగ్గర ఆగి బెల్టు పక్కనుంచి ఓ కొయ్యముక్క తీశాడు. ఒక కొస మందం, ఒక కొస పలచన. దాన్ని తలుపు బందుల వైపు సందులో, నడుమెత్తున పెట్టి, గొడ్డలి వెనక వైపుతో ఒక్క దెబ్బ కొట్టాడు. లోపల అంత మంట మండుతుంటే ఈయన కొయ్యముక్కతో ఏం చేస్తున్నాడని నాకు లోలోపల చిరాకేసింది. పదహారు రోజుల పంట, అప్పు తెచ్చి పెట్టిన పంట, కళ్ళముందు కాలుతోంది మరి. తలుపు తెరిచే ఉండిపోయింది. హోస్ ఎక్కడా నొక్కుకోలేదు. పొగలో వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా బయటి వెలుతురు కనిపిస్తూనే ఉంది.

బండి ఎక్కాక అడిగాను, నేల మీద ఎందుకు పెట్టలేదన్నా అని.

"నేలంతా నీళ్ళే కదరా నాయనా. తేలిపోతాది. లేదంటే ఎవుడో కాలితో తన్నేస్తాడు. బందుల కాడైతే ఎవురి కాలూ తగలదు, నీ చేతికీ అందుతాది."

అప్పటి మా సామాను ఈనాటి వాళ్ళకు చెప్తే నమ్మరు. ఖాకీ దుస్తులు, గమ్‌బూట్లు, హెల్మెట్, వెడల్పాటి బెల్టు, దానికి తోలు సంచిలో గొడ్డలి. కరెంటు తీగ తగిలినా షాక్ కొట్టకుండా గొడ్డలి పిడికి రబ్బరు తొడుగు. పంపులు, నిచ్చెనలు, హోస్‌లు అన్నీ రిజిస్టర్లో లెక్క ఉండేవి. జేబులో ఏం పెట్టుకోవాలన్నది ఏ రిజిస్టర్లోనూ ఉండదు. అది పెద్దవాళ్ళ నుంచి నేర్చుకోవాల్సిందే. నేను పెద్దన్న దగ్గర నేర్చుకున్నాను.

చొక్కా జోబీలో ఏదీ పెట్టనిచ్చేవాడు కాదు. మాకు మంటల కన్నా బావి పిలుపులు తక్కువేమీ కాదు. ఆవు పడిందనో, దూడ పడిందనో, ఒక్కోసారి చెప్పుకోలేని పిలుపులో. బావి మీదికి వంగితే జోబీలోని పటకారు కిందున్నవాడి నెత్తిన పడుతుంది. అందుకే పటకారు, చిన్న స్పానర్ ప్యాంటు పక్క జేబులో, మూర తాడుతో బెల్టుకు కట్టి. టార్చి ఎడమవైపు. తాడు కోసే కత్తి కుడిచేతికి అందేచోట. కొయ్యముక్కలకు మాత్రం పాత సైకిల్ ట్యూబు కోసి బెల్టుకు వేసిన రబ్బరు పట్టీ. పొగలో కళ్ళు పనిచేయవు. తడిమితే చేతికి తగలాలి, అదీ రోజూ ఒకేచోట తగలాలి. మార్చి పెట్టామని తెలిస్తే పెద్దన్నకు నిజంగానే కోపమొచ్చేది. చాలా ఏళ్ళ తర్వాత ఓ పత్రికలో అమెరికా ఫైర్‌మన్ల ఫోటో చూశాను. హెల్మెట్ చుట్టూ రబ్బరు పట్టీ, అందులో దోపిన కొయ్యముక్కలు! ఆ ఫోటో కత్తిరించి దాచుకున్నాను. పెద్దన్నకు చూపించే అవకాశం అప్పటికే దాటిపోయింది.

కొయ్య కూడా ఏదిపడితే అది పనికిరాదు. వడ్రంగి దగ్గర నేను టేకు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను, నునుపుగా, అందంగా. పెద్దన్న చేత్తో తడిమి పక్కన పెట్టేశాడు. టేకు జారుతుందట. మామిడి మెత్తన, కొడితే కాస్త నలిగి సందులో పట్టుకుంటుంది. మామిడికాయల పెట్టెల చెక్క మా వైపు కావలసినంత. సెలవురోజు స్టేషన్ వెనక చింతచెట్టు కింద కూర్చుని ముక్కలు కోసుకునేవాళ్ళం.

1997 సెప్టెంబరు 14న విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ అంటుకుని యాభై మందికి పైగా చనిపోయారు. రేడియోలో వార్త వింటుంటే స్టేషన్లో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ తర్వాత పెద్దన్న ఇంకో రకం కొయ్యలు చెక్కడం మొదలుపెట్టాడు. గుండ్రంగా, కొస సన్నగా, ట్యాంకరుకు చిల్లి పడితే బిగించడానికి. మద్రాసు, బెంగళూరు మధ్య తిరిగే లారీలు ఎన్నో మా ఊరి మీదుగా పోయేవి కదా, మొగిలి ఘాటులో ఎప్పుడు ఏది బోల్తా పడుతుందో ఎవరికి తెలుసు. గొడ్డలితో కొట్టేటప్పుడు నిప్పురవ్వ పుడుతుందని వాటికోసం కొయ్య సుత్తి కూడా చేశాడు.

పెద్దన్న గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది. హోస్ బయటికి రాగానే కొయ్య తీసెయ్, తలుపు మూసెయ్ అనేవాడు. మూసిన తలుపు మంటకు గాలి అందనివ్వదు, పొగను ఆ గదిలోనే ఆపుతుంది. తెరిచి వదిలేస్తే పక్క గదిలోకి మనమే దారి చూపినట్టు. హోస్ వెళ్ళేటప్పుడు తెరిచి ఉండాలి, హోస్ లేనప్పుడు మూసి ఉండాలి. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి నాకు ఉద్యోగంలో ఇంకెవరూ చెప్పలేదు.

మొన్నామధ్య చుట్టాన్ని చూడడానికి ఓ ఆసుపత్రికి వెళ్ళాను. మెట్ల దగ్గర మంటను ఆపే బరువైన తలుపు. అది మూసుకోకుండా కింద ఇటుక పెట్టారు. వాచ్‌మన్‌ను పిలిచాను.

"గాలాడదు సార్, పేషంట్ల వాళ్ళు గొడవ చేస్తారు" అన్నాడు.

అతన్నేం అనగలను? పక్కన కూర్చోబెట్టుకుని, కింద అంతస్తులో మంట లేస్తే పొగ ముందుగా మెట్లెక్కే వస్తుందని, ఈ తలుపు మూసుంటే పైనున్నవాళ్ళను దించడానికి మెట్లు మిగులుతాయని చెప్పాను. విన్నాడు. ఇటుక తీసి గోడవారగా పెట్టాడు. పైఅంతస్తుల్లో కూడా ఇలాగే ఉన్నాయి సార్ అంటూ తాళాల గుత్తి తీసుకుని నాకన్నా ముందు మెట్లెక్కాడు.