మళ్ళీ అడిగిన ప్రశ్న

మీకు ఒక సందేహం వచ్చింది. పక్కవారిని అడగాలనుకున్నారు. "ఇది కూడా తెలియదా అంటారేమో" అని ఊరుకున్నారు. ఇలా మీకు ఎన్నిసార్లు జరిగింది? చదువు మధ్యలో మాని, మళ్ళీ మొదలుపెట్టిన వారికి ఈ జంకు మరీ ఎక్కువ. దీన్ని గురించి నా అనుభవం ఒకటి చెబుతాను.

నాకు హామ్ రేడియో అంటే ఇష్టం. ప్రభుత్వం పెట్టే పరీక్షలో నెగ్గి, లైసెన్సు తీసుకొని, సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరదేశాల వారితో సంభాషించడమే హామ్ రేడియో. ఇది జీతం కోసం చేసే పని కాదు, సరదా కొద్దీ చేసేది. మా క్లబ్బుకు ఆదివారాలు కొత్తవారు వచ్చేవారు. వారిలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "మీడియం వేవ్‌లో పగలు వినపడని దూరపు స్టేషన్లు రాత్రి ఎలా వినపడతాయి?"

ఒక ఆదివారం బట్టల కొట్టులో పనిచేసే ఒకాయన వచ్చి అదే ప్రశ్న అడిగారు. నాకు విసుగు వచ్చింది. "పోయిన వారమే చెప్పాను. పుస్తకంలో ఉంది, చూసుకోండి" అన్నాను. ఆయన "సరేనండీ" అని కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. పోయిన వారం ఆయన అక్కడ లేనే లేరు. ఆ ప్రశ్న నాకు పాతదే కాని, ఆయనకు కొత్తది.

ఆ రాత్రే నేను సెట్టు ముందు కూర్చుని మోర్స్ సంకేతాలు పంపుతున్నాను. ఈ సంకేతాలలో అక్షరాలన్నీ చుక్కలు, గీతలే. ఇంగ్లీషు 'ఎ' అక్షరానికి ఒక చుక్క, ఒక గీత. 'ఎన్' అక్షరానికి ఒక గీత, ఒక చుక్క. వేగంగా వస్తే కొత్తవారి చెవికి తేడా తెలియదు. అవతల ఉన్న వ్యక్తి తడబడి 'క్యూ.ఆర్.ఎస్.' అని పంపారు. "మెల్లగా పంపండి" అని దాని అర్థం. నేను వెంటనే వేగం తగ్గించాను. ఎదుటివారి వేగానికి తగ్గి పంపడం హామ్‌ల మర్యాద. ఆ మూడు అక్షరాల చివర ప్రశ్న గుర్తు చేరిస్తే "మెల్లగా పంపమంటారా?" అని అర్థం. అంటే అడగడానికీ, అడగకముందే సాయపడటానికీ మాట ఒకటే.

ముఖం కూడా చూడని మనిషి కోసం తగ్గాను. ఎదురుగా కూర్చున్న మనిషి కోసం తగ్గలేకపోయాను. నాకు సిగ్గు వేసింది.

తరువాత ఒక ఆదివారం ఒకామె అదే ప్రశ్న అడిగారు. కాగితం తీసి బొమ్మ గీసి చెప్పాను. పగలు ఎండ వల్ల సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఒక పొర ఏర్పడి రేడియో తరంగాలను పీల్చుకుంటుంది. పొద్దు గూకాక ఆ పొర దాదాపుగా కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైనున్న పొరల దాకా వెళ్ళి, వంగి, దూరాన నేలకు దిగుతాయి.

ఆమె విని, "అయితే చలికాలంలో ఇంకా బాగా వినపడాలి కదండీ?" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వెళ్ళి పుస్తకం తిరగేశాను. ఆమె అన్నది నిజమే. చలికాలంలో రాత్రులు పెద్దవి. పైగా ఉరుములు, మెరుపుల వల్ల రేడియోలో వచ్చే గరగర తక్కువ. పాత ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పినందువల్ల నేనూ కొత్త సంగతి నేర్చుకున్నాను.

కాబట్టి మీకు అర్థం కానిది అడగండి. ఒకసారి చెబితే తెలియకపోతే మళ్ళీ అడగండి. రేపు మీకు తెలిసిన విషయమే ఇంకొకరు వచ్చి అడుగుతారు. అప్పుడు "నిన్ననే చెప్పాను" అనకండి. నేను ఆ మాట అన్నందుకు ఒక మనిషి నేర్చుకోవడం మానేశారు.