కొలిమి శిక్ష కాదు

సముద్రము మా మేడ్చలునకు బహుదూరము. మాలో పెక్కుమంది ఓడను చిత్రపటములయందే చూచితిమి. శామీర్‌పేట చెఱువే మా కన్నులకు సాగరము. ఆవిరియంత్రము మాత్రము మా యూరికి క్రొత్తది కాదు. 1900 ప్రాంతమున సికింద్రాబాదునుండి మన్మాడువఱకు వేసిన రైలుమార్గము మేడ్చలు మీదుగానే పోవుచున్నది. పొగబండ్లు పోయి చాలకాలమైనను వాని కూతను పెద్దలు నేటికిని తలంచుకొందురు. అట్టి యంత్రములు చేయుచు ఓడలు కట్టుటకు పూనుకొన్న రాబర్ట్ నేపియర్ చరిత్రమును చదివి, మాకు తోచినది ఇందు వ్రాయుచున్నాము.

నేపియర్ 1791లో స్కాట్లండునందలి డంబార్టనులో కమ్మరి యింట జన్మించెను. కుమారుడు మతబోధకుడు కావలెనని తండ్రి కోరెను. బాలుని మనస్సు పనిముట్లపై నుండెను. 1807లో, పదునాఱేండ్ల ప్రాయమున, అతనిని బలవంతముగా నౌకాసైన్యమున చేర్చుకొన జూచిరి. అప్పుడు తండ్రి అతనిని తన కొలిమియందే శిష్యునిగా వ్రాయించుకొని చట్టముచే కాపాడెను.

1815లో ఏబది పౌనుల మూలధనముతో నేపియర్ గ్లాస్గోలో చిన్న కమ్మరిశాల పెట్టెను. 1823లో ‘లీవెన్’ అను ఓడకై తన మొదటి ఓడయంత్రమును చేసెను. ఓడ శిథిలమైనను యంత్రము చెడలేదు. అది నేటికిని డంబార్టనులో నున్నది. 1840లో అట్లాంటికు దాటి టపా మోసిన ‘బ్రిటానియా’ యంత్రములును ఆయనవే. దాని యజమాని కునార్డు చిన్న ఓడలు చాలుననుకొనగా, అవి ఆ సముద్రమునకు చాలవని నేపియర్ నిర్భయముగా చెప్పి, పెట్టుబడికి భాగస్వాములను సయితము సమకూర్చెను.

బ్రిటానియా కొయ్య ఓడ. దానిని కట్టినవారు వేఱు. 1841లో నేపియర్ గోవన్‌లో ఇనుప ఓడల కార్ఖానా నెలకొల్పెను. ఓడ కొయ్యదైనంతకాలము వడ్రంగి సొత్తు. ఇనుపదైనంతనే కమ్మరికిని దానిపై హక్కు కలిగెను. 1861లో ‘బ్లాక్ ప్రిన్స్’ అను ఇనుప యుద్ధనౌక ఆయన కార్ఖానానుండియే నీట దిగెను. 1876లో ఆయన మరణించునాటికి, ఆయనయొద్ద పనిచేసినవారు క్లైడ్ నదీతీరమున తామే కార్ఖానాలు స్థాపించి యుండిరి.

పరీక్ష తప్పిన బాలునితో “ఇక కొలిమికి పో” అని పెద్దలు పలుకుట మేము వినియున్నాము. ఆ మాట విన్నందున మా తరగతిలో ఒకడు తన తండ్రి వృత్తిని చెప్పుటకు సిగ్గుపడి తల వంచుకొనెను. ఆ తండ్రి తాతలు సాగదీసిన నాగటికఱ్ఱులతోనే మా తాతలు చేలు దున్నిరి. చదువును వలదని మేము చెప్పుటలేదు. నేపియరును బడిలో చదివినవాడే. కాని చదువు రానివానికే చేతిపని యను తలంపు రెంటికిని కీడు చేయును. డంబార్టను కమ్మరి తన కుమారుని కొలిమికి పంపినది దండించుటకు కాదు. ఆ బాలునికి అది రక్ష యయ్యెను. మా తల్లిదండ్రులు ఆ మాటను ఇకమీదట బెదిరింపుగా పలుకకుందురుగాక యని వేడుచున్నాము.