ఒకే రంగు బొమ్మలు

మా యత్తగారికి డెబ్బది రెండేండ్లు. ఆంగ్లాక్షరములు రావు. అయినను చేతిఫోనులో తమకు వలసిన వన్నియు తామే తెఱచుకొనుచుండెడివారు. ఆకుపచ్చ బొమ్మ పేరు చిలుక. దానిని నొక్కినచో కూతురు పలుకును. ఎఱ్ఱని దానిలో హరికథ వచ్చును. ఇదియే వారి వర్ణమాల.

గడచిన శ్రావణమాసమున నేను ఆ బొమ్మల నన్నిటిని ఒకే నీలిరంగునకు మార్చితిని. ఇట్టి సదుపాయము 2021 నుండి కొన్ని ఆండ్రాయిడ్ ఫోనులలోను, 2024లో ఐఫోనులలోను వచ్చినది. తెర యంతయు ఒకే రంగు చీరలు గట్టిన పేరంటాండ్రవలె తీరుగా నున్నదని మురిసితిని. సోదరీమణులు నవ్వుదురు గాక!

నాలుగు దినములకు మా యాడుబిడ్డ, "అమ్మ నన్ను పిలుచుట మానినది. ఒంట్లో బాగున్నదా, వదినా?" అని యడిగినది. అత్తగారి నడుగగా వారు కొంత తడవు మాటాడలేదు. "నా బుద్ధియే మందగించిన దమ్మా. అమ్మాయి కని నొక్కితే మఱేదో వచ్చుచున్నది. అందుకే ముట్టుట లేదు" అనిరి. తప్పు చేసినది నేను, సిగ్గుపడినది వారు.

ఏకరూపత చెడ్డదని నే ననను. 1984లో వచ్చిన మెకింతోష్ యంత్రమున, వ్రాతను కత్తిరించుటకైనను అతికించుటకైనను అన్ని పనిముట్లలోను అవే మీటలు; ఒకచోట నేర్చిన విద్య అంతటను చెల్లెను. ఆ యంత్రమునకే సూసన్ కేర్ అను నామె బొమ్మలు గీసెను. అడ్డముగా 32, నిలువుగా 32 చుక్కలు, నలుపు తెలుపులే. అయినను, వేచియుండు మనుటకు చేతిగడియారము, యంత్రము చెడిన దనుటకు బాంబు! ఒకదానిని జూచి మఱియొకటి యనుకొనుటకు వీలు లేదు. రంగు లేని లోటును ఆకారము తీర్చినది. నేనో, రంగును దీసివేసి, గుండ్రని బిళ్లలలో సన్నని గీతలను మాత్రమే మిగిల్చితిని.

మా పోపులపెట్టెలో గిన్నెలన్నియు ఒకే కొలతవి. అందుచేతనే మూత సరిగా పడును. కాని ఆవాలు ఆవాలుగను, పసుపు పసుపుగను కనబడును గదా! ఇరువదేండ్లుగా దానిని దినమునకు రెండుమారులు తెఱచుచున్న నాకు ఈ సంగతి తోచకపోవుట వింత.

ఆ సాయంకాలమే రంగులను మఱల దెచ్చితిని. బొమ్మల వరుసను మాత్రము కదల్చలేదు. దీపము పెట్టువేళ, "నా చిలుక వచ్చినదే, అమ్మాయీ!" అను మాట వంటయింటిలోనికి వినబడినది.