ముద్దాయి

మాది మాదన్నపేట. తానీషా కొలువులో మంత్రి అయిన బ్రాహ్మడి పేరే మా బస్తీ పేరు. అయినా నా పేరు విన్నవాళ్లు 'తెలుగు బాగా మాట్లాడతారే!' అని ఆశ్చర్యపోతారు.

నయాపూల్ దాటుతూ మీరు హైకోర్టును చూసే ఉంటారు. 1915లో మొదలుపెట్టారు. జైపూర్ శంకర్‌లాల్ నక్షా గీస్తే మెహర్ అలీ ఫాజిల్ కట్టించాడు. 1920లో ఏడో నిజాం తెరిచాడు. 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టుకు పునాదిరాయి పడింది. రేపు కోర్టు తరలిపోతే పాత మేడ ముందు ఓ శిలాఫలకం పెడతారు కాబోలు.

పెట్టనివ్వండి. మీ నాలుక మీద ఇంకో ఫలకం ఎప్పట్నించో ఉంది. గోల్కొండ నాటి పారసీ, 1884 నుంచి నిజాం కచేరీల్లో ఉర్దూ. ఆ రాజ్యాలు పోయాయి, మాటలు మిగిలాయి. వకీలు, దావా, ఫిర్యాదు, జామీను, జప్తు. గుంటూరు రైతైనా వీటితోనే కోర్టు మెట్లెక్కాలి.

ఒక్క మాట మాత్రం దారిలో తిరగబడింది. మా ఇంటి ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు రావలసింది ఇప్పించండని అడిగేవాడు. గడప దాటి తెలుగులోకొస్తే ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు.

ఇది ఉత్త మాటల ముచ్చట కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయింది నమాజుకొచ్చినవాళ్లు. పోలీసులు పట్టుకుపోయింది హైదరాబాద్ ముస్లిం కుర్రాళ్లను. వాళ్లలో ఎందరో నిర్దోషులని తేలేసరికి చదువులు, కొలువులు పోయాయి.

ఈ నేల మాది కూడా అని దావా వేసినవాళ్లం మేము. వాదిని ముద్దాయిని చేసింది తెలుగు నిఘంటువు ఒక్కటేనా, చెప్పండి.