పొరుగుభాషలో తొలిపలుకులు

అఱువదియేండ్లు నిండవచ్చిన గృహిణికి స్పానిషు భాషతో నేమి పని యని సోదరీమణులు నవ్వుకొందురేమో! మొదట మేమును అట్లే నవ్వుకొంటిమి. కాని అవసరమను గురువు శిష్యుల వయస్సు నడుగడు. ఆ గురువు మాకు చెప్పిన పాఠములలో భాష కొంత, బుద్ధి కొంత కలసియున్నవి. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

2018వ సంవత్సరమున మా కుమార్తె పురుటికై మేము విశాఖపట్నము నుండి అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునకు, హూస్టను నగరమునకు వెళ్లితిమి. బిడ్డకు మూడవనెల వచ్చుసరికి అమ్మాయి మరల ఉద్యోగమునకు పోవలసివచ్చెను. ఇంటిపనికిని, బిడ్డను చూచుటలో మాకు తోడుగా నుండుటకును మెక్సికో దేశపు స్త్రీ యొకతె కుదిరెను. ఆమె మాకంటె మూడేండ్లు పెద్దది. ఆమెకు ఇంగ్లీషు పది మాటలకు మించి రాదు; మాకు స్పానిషు ఒక్క ముక్కయు రాదు. ఉదయము ఎనిమిది గంటలకు వీధితలుపు మూసినది మొదలు సాయంకాలము ఆఱు గంటలవఱకు ఆ యింట ఇద్దఱు ముదుసళ్లు, ఒక పసికందు. ముగ్గురకును మాటలు లేవు!

ఆ రాష్ట్రమున స్పానిషు నిన్న మొన్న వచ్చిన భాష కాదు. టెక్సాసు 1836వ సంవత్సరమువఱకు మెక్సికోలోని భాగమే. శాన్ ఆంటోనియో, ఎల్ పాసో మున్నగు ఊళ్ల పేర్లు నేటికిని ఆ సంగతిని చెప్పుచున్నవి. స్పెయినులోను, మెక్సికో మొదలుకొని దక్షిణ అమెరికా కొసదాకను సుమారు ఇరువది దేశములలో అది రాజభాష. ఇంచుమించు 50 కోట్లమందికి మాతృభాష. ఇంత పెద్ద భాషలో మాకు కావలసినవి పండ్రెండు మాటలే యని అప్పుడు మే మనుకొంటిమి. పని చెప్పుటకు చాలినన్ని మాటలు వ్రాసి యిమ్మని అల్లుని అడిగితిమి. అతడు తెలుగు లిపిలో ఒక కాగితముపై వ్రాసి యిచ్చెను. ‘బెన్’ అనగా రా. ‘త్రాయె’ అనగా తే. ‘లావా’ అనగా కడుగు. ‘లింప్యా’ అనగా శుభ్రము చేయి. ఇట్టివే తక్కినవియు. మేము వానిని రెండు దినములలో కంఠస్థము చేసి, మాకు స్పానిషు వచ్చినదని మురిసిపోతిమి. ఆమె ప్రతి మాటకును ‘సీ, సెన్యోరా’ యనుచు, అనగా ‘సరే, అమ్మా’ యనుచు, తలవంచుకొని పని చేసికొనిపోయెడిది.

పదునైదు దినములు గడచినవి. ఒకనాటి రాత్రి మనుమరాలు కడుపునొప్పితో తెల్లవార్లు ఏడ్చుటచే మాకు నిద్ర లేదు. ఉదయము గోడకు చేరగిలబడియుండగా ఆమె వచ్చి మా మొగము చూచి, ‘ఎస్తా కన్సాదా?’ అని అడిగెను. ‘కసాదా’ అనగా పెండ్లి యైనదని మే మెక్కడనో విని యుంటిమి. పెండ్లి సంగతి యడుగుచున్నది కాబోలునని మంగళసూత్రములు పైకి తీసి చూపి, ‘సీ, సీ’ యని, పదివ్రేళ్లను మూడుమార్లు తెఱచి, పిమ్మట ఐదువ్రేళ్లు చూపితిమి. ముప్పదియైదేండ్లని మా భావము. ఆమె ఒక నిమిషము తెల్లబోయి, పిదప కడుపుబ్బ నవ్వసాగెను. ఏమియు తెలియకయే మేమును నవ్వితిమి. సాయంకాలము అమ్మాయి వచ్చి విడమఱచి చెప్పెను: ‘అమ్మా! కసాదా యన్న పెండ్లియైనది. కన్సాదా యన్న అలసినది. మీరు అలసియున్నారా యని ఆమె యడిగినది. ముప్పదియైదేండ్ల నుండియు అలసియున్నానని నీవు చెప్పితివి!’

ఇంటిల్లిపాదియు నవ్వితిమి. ఆ జవాబును పూర్తిగా తప్పనుటకు వీలులేదని కూడ అనుకొంటిమి. కాని ఆ రాత్రి పక్కమీద పడుకొన్నప్పుడు మఱియొక సంగతి మనస్సులో మెదలెను. రెండు బస్సులు మాఱి పనికి వచ్చు ఆ స్త్రీ మమ్ము ‘అలసితిరా’ యని యడిగినది. ఈ పదునైదు దినములలో ఆమెను ఆ మాట మే మడిగితిమా? అడుగుటకు మా కాగితములో ఆ మాటయే లేదు.

మఱునాడే అమ్మాయిచేత నొక నోటుపుస్తకము తెప్పించితిమి. బిడ్డ నిద్రించునప్పుడు ఆమె ఒక్కొక్క వస్తువును చూపి పేరు చెప్పుటయు, మేము తెలుగు అక్షరములలో వ్రాసికొనుటయు అలవాటయ్యెను. అప్పుడు మాకు కలిగిన ఆశ్చర్యము ఇంతయంత కాదు. ఆ భాష మన నాలుకకు ఎంతో అనుకూలమైనది! ఆ, ఎ, ఇ, ఒ, ఉ అను అచ్చులు స్థిరముగా నుండును. త, ద లు మన దంత్యములవలెనే పలుకును. వ్రాసిన హకారము పలుకదు. ‘వ’ యని మనము చదువబోవు అక్షరమును వారు ‘బ’ వలె పలుకుదురు. మనము విడిచిపెట్టిన శకటరేఫమునకు అచ్చట గొప్ప గౌరవము. ‘పెరో’ యనిన ‘కాని’ యని యర్థము. ‘పెఱ్ఱో’ యని గట్టిగా అదరించిన కుక్క యగును.

అంకెలు చెప్పుచున్నప్పుడు చిన్ననాడు చదివిన సంస్కృతము జ్ఞప్తికి వచ్చెను. దోస్, త్రేస్, స్యేతె, ఓచో, న్వేబె, ద్యేస్. ద్వి, త్రి, సప్త, అష్ట, నవ, దశ! సంస్కృతమునకును స్పానిషునకు తల్లియైన లాటినునకును మూలమొక్కటే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. నవ శబ్దమునకు తొమ్మిది యనియు, క్రొత్త యనియు రెండర్థము లున్నట్లే వారికి న్వేబె తొమ్మిది, న్వేబో క్రొత్త. మన యింటి వస్తువులకును అచ్చట చుట్టము లున్నవి. స్పానిషునకు చెల్లెలివంటి పోర్చుగీసు భాష నుండి వర్తకుల వెంట మనకు వచ్చిన మాటలే యలమార, తువాలు, బొత్తాము, మేస్త్రీ. ఆమె నోట అవి అర్మార్యో, తోఆయా, బొతోన్, మాయెస్త్రో.

వంటయింట నింకను వింత. నారింజను ఆమె ‘నరాంహా’ యనును. పంచదారను ‘అసూకర్’ అనును. ఇది మన శర్కరయే. అరబ్బుల వెంట స్పెయినునకు ప్రయాణము చేసినది. చింతపండు ‘తమరిందో’. ‘హిందూదేశపు ఖర్జూరము’ అని అరబ్బులు పెట్టిన పేరది. చింతచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా యైనను పేరు మాత్రము మనది. మెక్సికోలో దానితో పానకము చేసికొందురు. ఇక మన మిరపకాయ పుట్టినిల్లో, ఆమె దేశపు వైపే! ‘చీలె’ యని అది చూపి ‘మాది’ యని ఆమె రొమ్ము తట్టుకొనెను. ‘తమరిందో’ యని మేము మా రొమ్ము తట్టుకొంటిమి. వారి రొట్టెల పెనము ‘కొమాల్’. సున్నపునీట నుడికించిన మొక్కజొన్నను నూరు రాయి ‘మెతాతె’. ఆమె చేతులతో నభినయించి చూపగా అది మన సన్నెకల్లు, పొత్రముల జతవంటిదే యని తెలిసెను.

వ్యాకరణమున మా యమ్మాయికి ఇంగ్లీషు ద్వారమున కష్టమైనది మాకు తెలుగు ద్వారమున సులభమయ్యెను. ‘మె గూస్తా ఎల్ కఫే’ యన్నచో ‘నాకు కాఫీ ఇష్టము’. ‘మె ద్వేలె లా కబేసా’ యన్నచో ‘నాకు తల నొచ్చుచున్నది’. ఇంగ్లీషువారు ‘నేను’ అను చోట ఆ భాషయు మనవలె ‘నాకు’ అనును. క్రియ చివర చూచియే ఎవరో తెలియును గనుక ‘నేను’, ‘నీవు’ అని ప్రతిసారి చెప్పనక్కఱలేదు. ఇంగ్లీషులో నొక్కటిగా నుండు క్రియ అచ్చట రెండు. ‘సోయ్ మాయెస్త్రా’ అనగా నేను పంతులమ్మను. ‘ఎస్తోయ్ ఎన్ కాసా’ అనగా ఇంటిలో ఉన్నాను. మొదటి తెలుగు వాక్యమున క్రియ లేదు. రెండవదానిలో ‘ఉన్నాను’ కలదు. మనము ‘ఉన్నాను’ అను చోట్లలో పెక్కింట ‘ఎస్తోయ్’ చెల్లునని మే మొక గుర్తు పెట్టుకొంటిమి.

ఇట్లు ముచ్చటగా సాగుచుండగా ఒక ఆదివారమున ఆమె యేదో మఱచిపోయి తిరిగి వచ్చెను. మేము ‘బెన్, బెన్’ అని ఆప్యాయముగానే పిలిచితిమి. పక్కనున్న అమ్మాయి మొగము చిన్నబుచ్చుకొని మెల్లగా ననెను: ‘అమ్మా! ఆమె నిన్ను ఉస్తెద్ అనుచున్నది. అనగా మీరు. నీవు ఆమెను రా, తే, కడుగు అనుచున్నావు. నీకంటె పెద్దది గదా!’

మాకు తల కొట్టివేసినట్లయినది. తెలుగున వీధిలో కూరలమ్ము ముసలమ్మను కూడ ‘రామ్మా’ యనియైన పిలుతుమే గాని వట్టి ‘రా’ యని యెఱుగము. మాటల అర్థము నేర్చితిమి గాని వాని మర్యాద నేర్వలేదు. ‘తూ’ అనగా నీవు, ‘ఉస్తెద్’ అనగా మీరు. ఉస్తెద్ అను మాట ‘తమ దయ’ అను ప్రాచీనమైన గౌరవవచనము అరిగి యేర్పడినదట. రండి యనుటకు ‘బేంగా’. తెండి యనుటకు ‘త్రాయిగా’. మాట చివర మాఱుటలో నెంత భేదము! మఱునాటి ఉదయము గుమ్మములో నిలిచి, ‘బ్వేనోస్ దియాస్. బేంగా, పోర్ ఫబోర్. ఎస్తా కన్సాదా?’ అంటిమి. శుభోదయము, దయచేసి రండి, అలసితిరా? ఆమె తలయెత్తి మా కన్నులలోనికి చూచెను. నెలరోజులలో అదియే మొదటిసారి యని మాకప్పుడు తెలిసెను.

తరువాత నాలుగు వారములకు ఆమె రెండు దినములు రాలేదు. మూడవనాడు వచ్చి మౌనముగా పాత్రలు కడుగుచుండెను. కన్నులు వాచియుండెను. ‘మి మమా’ యని యొక్క మాట యనెను. ఆమె ఊరు మెక్సికోకు దక్షిణమున వహాకా రాష్ట్రములోనిది. అచ్చట ఆమె తల్లి చనిపోయినది. ఏ చిక్కుల వలననో ఆమె పోజాలకపోయెను. అవి యేవో మే మడుగలేదు.

మా నోటుపుస్తకములో అప్పటికి మూడువందల మాటలున్నవి. గరిటె యున్నది, తువాలున్నది, చింతపండున్నది. ఆ నిమిషమునకు తగినది కనబడలేదు. కడపట, ఎవరిపైనైన చేయి తగిలినప్పుడు ‘క్షమింపుడు’ అనుటకై నేర్చిన ‘లో స్యేంతో’ అను మాట నోట వచ్చెను. అదియే పరామర్శ వాక్యమని తరువాత తెలిసెను. దాని పదార్థము ‘దానిని నేను అనుభవించుచున్నాను’ అని. ఆమె చేతిలోని పాత్ర దించి మా భుజముపై తల వాల్చి, మాకు తెలియని మాటలతో నేడ్చెను. అవి స్పానిషు మాటలును కావు.

ఏడ్పు తీరిన పిమ్మట చిన్న చిన్న మాటలతో ఆమె చెప్పినది మాకు చాలవఱకు బోధపడెను. ఆమె తల్లి భాష సపోతెక్. స్పానిషువారు ఆ దేశమునకు రాక పూర్వము నుండి అచ్చటి కొండలలో నున్న భాష. పదియేండ్ల ప్రాయమున ఆమెను పట్టణములో నొకరి యింట పనికి కుదిర్చిరి. అచ్చట ఆమెకు వచ్చిన మొదటి స్పానిషు మాటలు మూడు: ‘బెన్’, ‘త్రాయె’, ‘కాయా’. రా, తే, నోరు మూయుము.

మా కాగితమున ఆ మూడింటిలో రెండున్నవి.

స్పానిషు భాషకు మొదటి వ్యాకరణము 1492వ సంవత్సరమున అంతోనియో దె నెబ్రీహా యను పండితుడు వ్రాసి ఇసబేల్ రాణికి సమర్పించెను. కొలంబసు ఓడలెక్కిన సంవత్సరమే అది. భాష యెల్లప్పుడు సామ్రాజ్యమునకు తోడునడచునదని ఆ పండితుడు పీఠికలో చెప్పినాడట. మనకు సామ్రాజ్యములు లేవు గాని వంటయిండ్లున్నవి. అచ్చటను మన భాష ఏలుబడికి తోడు నడచునో, చెలిమికి తోడు నడచునో మన చేతిలోనిదే.

ఈ భాషను నేర్వనెంచు సోదరీమణులకు మా మనవి ఒక్కటే. మొదట ఆజ్ఞలు నేర్వకుడు. ఉదయమున ‘బ్వేనోస్ దియాస్’, మధ్యాహ్నము దాటిన ‘బ్వేనాస్ తార్దెస్’, రాత్రి ‘బ్వేనాస్ నోచెస్’ అనుడు. ‘కోమో ఎస్తా ఉస్తెద్?’ అనగా మీ రెట్లున్నారు? ‘కోమో సె యామా?’ అనగా మీ పేరేమి? మన కుశలప్రశ్న వంటిది ‘యా కోమియో?’, భోజనమైనదా? ‘గ్రాసియాస్’ కృతజ్ఞత, స్పెయినున దానిని నాలుక పండ్ల నడుమ నుంచి ‘గ్రాథియాస్’ అందురు. అర్థము కానిచో ‘నో ఎంత్యేందో’ అనుటకు సిగ్గుపడకుడు. ‘మాస్ దెస్పాస్యో, పోర్ ఫబోర్’, దయచేసి మెల్లగా, అని వేడుకొనుడు. ‘లో స్యేంతో’ నెన్నడును మఱవకుడు. ఇవి చాలు, తక్కినవి ఎదుటివారే నేర్పుదురు.

ఆఱునెలలు నిండి మేము తిరిగివచ్చునాడు ఆమె మమ్ము ‘సెన్యోరా’ యనలేదు, ‘కోమాద్రె’ యనెను. ఒక బిడ్డకు తల్లితోపాటు తల్లియైన స్త్రీ యని దాని యర్థము. అక్కడి ఆడువారు మన ‘వదినా’ వలె చనువుగా వాడుకొందురు.

ఇప్పుడు విశాఖపట్నమున మా యింటిప్రక్క నొక మేడ కట్టుచున్నారు. ఒడిశా నుండి వచ్చిన కూలిస్త్రీలు మంచినీళ్లకై మా గుమ్మమునకు వచ్చుచుందురు. ఈసారి మేము కాగితముపై మొదట వ్రాసికొన్నది ‘ఆపణ కెమితి అఛంతి?’ అని. మీ రెట్లున్నారు, అని.